నలుగురే మిగిలారు, క్లబ్బు మూసేయమంటారా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను. కిందటేడు ఒక ట్రైనింగులో, ఒక్కో తరహా ఆలోచనకు ఒక్కో రంగు టోపీ పెట్టే ‘ఆరు టోపీల’ పద్ధతి చెప్పారు. కొత్తగా ఆలోచించడం కూడా సాధన చేస్తే వచ్చే విద్యేనని అప్పుడు అనిపించింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్రతి ఆదివారం పదింటికి ‘ఆలోచనల క్లబ్బు’ మొదలుపెట్టాను. మొదటివారం 26 మంది వచ్చారు, కుర్చీలు చాలలేదు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు టోపీ ఇచ్చి చర్చ పెట్టాను. ఆరోవారానికి నలుగురం మిగిలాం. అందులో ఒకరు రిటైరైన పెద్దాయన. మంచివారే, కానీ లేచారంటే నలభై నిమిషాలు మాట్లాడతారు. కొందరు పిల్లల్ని తీసుకొచ్చి ‘దీనివల్ల మార్కులు పెరుగుతాయా’ అని అడిగి వెళ్లిపోయారు. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏమీ లేవు. ‘మీ క్లబ్బులో వచ్చిన ఒక్క మంచి ఆలోచన చెప్పు’ అని మావారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆపేయమంటారా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా,

ఆపొద్దు. నలుగురే మిగిలారని మీరు బాధపడుతూ రాశారు గానీ, నాకు ఆ ఉత్తరంలో మంచి కబురు అదే. 26 మందితోనే అసలు చిక్కు. గంటసేపు కూర్చుంటే ఒక్కొక్కరి వంతుకు రెండు నిమిషాలు వస్తాయి. మిగతా యాభై ఎనిమిది నిమిషాలు వాళ్లు ప్రేక్షకులు. చూడ్డానికే అయితే ఆదివారం పూట ఇంట్లో టీవీ ఉంది కదా, మీ సెల్లార్‌కు ఎందుకొస్తారు?

నాకూ ఈ దెబ్బ తగిలింది. పదిహేనేళ్ల కిందట విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ట్యుటోరియల్ వాళ్ల మేడమీద గది అడిగి తీసుకుని ఇలాంటిదే పెట్టాను. ఏడు వారాలు నడిచింది. శనివారం రాత్రి కూర్చుని బాగా చదువుకుని, మర్నాడు వెళ్లి సృజనాత్మకత గురించి గంటసేపు దంచేదాన్ని. ‘భలే చెప్పారండీ’ అని టీ తాగి వెళ్లేవారు. ఆ ఏడు వారాల్లో ఆలోచించింది నేనొక్కదాన్నే, అదీ మా ఇంట్లో. రెండోసారి మొదలుపెట్టినప్పుడు నోరు కట్టేసుకున్నాను. అది ఆరేళ్లు నడిచింది. ఎప్పుడూ తొమ్మిదిమందికి మించలేదు.

మనకు నలుగురు చేరితే చాలు, ఒక అధ్యక్షుడు, ఒక ముఖ్య అతిథి, ఒక శాలువా ఎక్కడినుంచో వచ్చి పడతాయి. మీ క్లబ్బు కూడా మీకు తెలియకుండానే సభ అయిపోయింది. ‘ఆంధ్రులు ఆరంభశూరులు’ అని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ, ఆ తిట్టు నాకు నచ్చదు. సభకు మొదటిరోజే పెద్దరోజు. ఆరోవారం వెళ్లడానికి అందులో ఏముంటుంది? అదే సంగీతం నేర్చుకునే పిల్ల చూడండి, వర్షమొచ్చినా గొడుగేసుకుని వెళ్తుంది. మొన్న పలకని గమకం నిన్న పలికిందని దానికి తెలుసు.

ఆలోచనకు ఇలాంటి సాధన మనకు పరాయిదేం కాదు. అష్టావధానం చూసే ఉంటారు. అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకాయన దత్తపది ఇస్తాడు. పొంతనలేని నాలుగు మాటలిచ్చి, వాటిని ఇమిడ్చి తాను చెప్పిన విషయం మీద పద్యం చెప్పమంటాడు. ఇంకొకాయన సమస్య ఇస్తాడు. వినగానే ‘ఇదేం మాట’ అనిపించే ఒక పాదం అది, మిగతా పాదాలు కట్టి దానికి అర్థం తెప్పించాలి. నిషిద్ధాక్షరి అడిగే ఆయన, అవధాని నోట తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి సరిగ్గా దాన్నే వద్దంటాడు. ఇవన్నీ చాలవన్నట్టు మధ్యలో ధ్యాస చెడగొట్టడానికి అప్రస్తుత ప్రసంగం. నూరేళ్లకు ముందు తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్య చుట్టూ జనాన్ని పోగుచేశారు. ఆ ఛందస్సు, ఆ ధారణ మనవల్ల కాకపోవచ్చు. కానీ ఆ అడిగే తీరు ఉంది చూశారూ, దాన్ని మామూలు మాటల్లో ఎవరైనా వాడుకోవచ్చు.

మేం సమస్యాపూరణం వచనంలోనే చేసేవాళ్లం. ఒకసారి ‘మిరపకాయ తియ్యగా ఉంది’ అని ఇచ్చాను. మిఠాయి కొట్లో చక్కెరతో చేసిన బొమ్మ అని ఒకరు, జ్వరంతో నాలుక చచ్చినవాడి మాట అని ఒకరు రాశారు. నందిగామ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఒకమ్మాయి, ‘ఈసారి ధర పలికింది కదా, మా నాన్నకు’ అని రాసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నిషిద్ధాక్షరిని కాస్తా నిషిద్ధ సమాధానం చేసుకున్నాం. మీ శంకర్ విలాస్ సెంటర్లో ట్రాఫిక్ సంగతే తీసుకోండి. ‘ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి’, ‘ప్రజల్లో అవగాహన రావాలి’ ఈ రెండూ నిషిద్ధం అనండి. ఆ రెండూ తీసేస్తే మనవాళ్లకు రెండు నిమిషాలు మాట పెగలదు. మూడో నిమిషంలో వచ్చేది జాగ్రత్తగా రాసుకోండి.

ఇక టోపీలు. మీ ట్రైనింగులో సరిగా చెప్పలేదో, మీరే పొరబడ్డారో గానీ, ఒక్కొక్కరికి ఒక్కో టోపీ ఇవ్వడం ఆ పద్ధతికి పూర్తిగా ఎదురు. మాల్టాలో పుట్టిన వైద్యుడు ఎడ్వర్డ్ డి బోనో 1985లో దీన్ని పుస్తకంగా తెచ్చాడు. తెలుపంటే తెలిసిన నిజాలు, ఎరుపంటే మనసుకు ఏమనిపిస్తోందో అది, నలుపంటే ఎక్కడ బెడిసికొడుతుందో చూడటం, పసుపంటే లాభం వెతకడం, ఆకుపచ్చంటే కొత్త దారులు, నీలమంటే చర్చ ఎటు నడవాలో చూసుకోవడం. గదిలో అందరూ ఒకే సమయంలో ఒకే టోపీ పెట్టుకోవాలి. అందులో ఉన్న కిటుకంతా ఇదే. మామూలు చర్చలో ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటారు, ఆ తర్వాత ఎవరి మాట వాళ్లు నిలబెట్టుకోవడమే సరిపోతుంది. అందరూ కలిసి నాలుగు నిమిషాలు లోపాలే వెతికితే, ఆలోచన చెప్పినావిడ కూడా తన ఆలోచనలో లోపం తానే చూపిస్తుంది. మీరు నల్లటోపీ ఒక్కరికే ఇచ్చి కూర్చోబెట్టారంటే, ఇంట్లో ప్రతిదానికీ అడ్డుచెప్పే మావయ్యగారిని మీరే తయారుచేశారన్నమాట. ఆ నల్లటోపీ పెద్దాయనకే వెళ్లి ఉంటుందని నా అనుమానం.

ఇంకొక పొరపాటు దాదాపు ప్రతి క్లబ్బూ చేస్తుంది, నోళ్లతో మొదలుపెట్టడం. అందరూ కలిసి కూర్చుని తోచిన ఆలోచనల్లా చెప్పుకోవడాన్ని బ్రెయిన్‌స్టార్మింగ్ అంటారు. ఆ మాటను ప్రచారంలోకి తెచ్చింది అమెరికా ప్రకటనల రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్‌బోర్న్. విమర్శించొద్దు, ఎన్ని వస్తే అన్ని చెప్పండి, పిచ్చివైనా పర్లేదు, ఒకరి మాట మీద ఇంకొకరు కట్టండి అన్నాడు. నియమాలు మంచివే. కానీ 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూస్తే, కలిసి కూర్చుని మాట్లాడిన నలుగురికంటే, విడివిడిగా కూర్చుని రాసిన నలుగురి ఆలోచనలు కలిపితేనే ఎక్కువ తేలాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులో బుర్రలోది ఆవిరైపోతుంది. మన దగ్గర దీనికి తోడు పెద్దా చిన్నా తేడా కూడా ఉంది. పెద్దాయన ఒక మాట అన్నాక ఇంటర్ చదివే పిల్ల దానికి వేరుగా చెప్పదు.

అందుకని కాగితం. 1968లో జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ అనే ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఆరుగురు కూర్చుని, అయిదు నిమిషాల్లో తలా మూడు ఆలోచనలు రాసి, కాగితం పక్కవాళ్లకు ఇస్తారు. వాళ్లు వాటిని చదివి కింద ఇంకో మూడు రాస్తారు. ఇలా ఆరు చుట్లు, అరగంటలో 108. మీరు నలుగురే కాబట్టి నాలుగు కాగితాలు, నాలుగు చుట్లు, 20 నిమిషాలు, 48 ఆలోచనలు. వాటిలో సగం చెత్త, పావువంతు ఒకటే మాట తిప్పి తిప్పి రాసినవి. పోనివ్వండి. మిగిలినవే మీరు ఆరు వారాల్లో పోగుచేసినవాటికంటే ఎక్కువ. పైగా ఆ 20 నిమిషాలూ గదిలో మౌనం. పెద్దాయన కూడా రాస్తూ ఉంటారు.

ఆయన్ని మాత్రం వదులుకోకండి. ఆరోవారం దాకా నిలిచినవాళ్లలో ఆయనా ఒకరు. ‘ఇక ఆపండి బాబాయిగారూ’ అని మీరు అనలేరు, అంటే బాగుండదు కూడా. ఆయన చేతికే గంట ఇవ్వండి. పూజగంటయినా సరే. ‘టైము మీరు చూడకపోతే మా మాట ఎవరూ వినరండీ’ అని చెప్పండి, నిజమే కదా. గంట చేతిలో పెట్టుకుని తానే నలభై నిమిషాలు మాట్లాడటం ఎంత పెద్దమనిషికైనా ఇబ్బందే. మా క్లబ్బులో ఇలాంటి ఒకాయన రెండు నెలల్లో ఎంత కరడుగట్టారంటే, నేను మాట పూర్తిచేయకముందే గంట కొట్టేవారు.

ప్రతివారం ప్రతివాళ్లకూ ఏదో ఒక పని ఉండాలి. ఉపన్యాసాలు నేర్పే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బును 1924లో కాలిఫోర్నియాలోని సాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టాడు. అది నూరేళ్లు దాటి నిలిచిందంటే అక్కడ టైము చూసేవాళ్లు ఒకరు, మాటతీరు మీద అభిప్రాయం చెప్పేవాళ్లు ఒకరు, ఇలా వారం వారం పనులు చేతులు మారడం అందుకు పెద్ద కారణమని నేననుకుంటాను. మీరు ఈవారం నడిపితే వచ్చేవారం ఇంకొకరు నడపాలి. మొదట్లో వాళ్లు పాడుచేస్తారు. చూస్తూ ఊరుకోండి. అది మీకు అన్నిటికంటే కష్టం.

ఆదివారం గంటసేపటినీ ఎలా పంచుకోవాలంటే, మొదటి పది నిమిషాలు సమస్యో నిషిద్ధమో ఏదో ఒకటి, నవ్వుకోవడానికి. తర్వాత 20 నిమిషాలు కాగితాలు. ఆ పైన 20 నిమిషాలు, నచ్చిన రెండిటి మీద టోపీలు. చివరి పది నిమిషాలు నోట్‌బుక్కు. నోట్‌బుక్కు మాట కింద చెప్తాను.

దత్తపది మాట పైన అన్నాను కదా. డి బోనో కూడా సమస్యకు సంబంధంలేని ఒక మాటను తెచ్చి పక్కన పెట్టి ఆలోచించమంటాడు, అది మన దత్తపదికి చుట్టమే. అది పనిచేసిన రోజు ఒకటి చెప్తాను. మా అపార్ట్‌మెంట్‌లో మోటారు వేసినవాళ్లు కట్టడం మర్చిపోయేవారు. ట్యాంకు పొర్లి నీళ్లు గోడవెంట కారేవి. నోటీసు అంటించారు. జరిమానా అన్నారు, ఎవరూ కట్టలేదు. ఆటోమేటిక్ స్విచ్ పెట్టిస్తే ఆర్నెల్లకు పాడైంది. క్లబ్బులో ఈ గొడవ పెట్టి, కళ్లు మూసుకుని నిఘంటువు తెరిచి వేలు పెడితే ‘పాలు’ వచ్చింది. మోటారుకూ పాలకూ ఏమిటి? పాలు పొంగుతాయి, ట్యాంకూ పొంగుతుంది. పాలు పొంగిపోకుండా ఇంట్లో ఏం చేస్తాం? పొయ్యి దగ్గర నిలబడతాం, గిన్నె మీద గరిటె అడ్డం పెడతాం, విజిల్ వేసే పాలగిన్నె కొంటాం. విజిల్ దగ్గర ఒకాయన ఆగాడు. పొర్లే నీళ్లు గోడకు కాకుండా, వాచ్‌మన్ గది పక్కన ఒక రేకు మీద పడేలా పైపు తిప్పితే? ఒక ఎల్బో, రెండు గజాల పైపు, ఒక పాత రేకు. నీళ్లు పడగానే డబడబా చప్పుడు, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి మోటారు కట్టేస్తాడు. ఆ రేకు ఇప్పటికీ మోగుతోంది.

అంతకు ముందు మూడు వారాలు ‘కిటికీ’, ‘జీతం’, ‘తాబేలు’ అనే మాటలతో మాకేమీ రాలేదని కూడా చెప్పాలి. తాబేలుతో అయితే అరగంట నవ్వుకున్నాం, అంతే.

మార్కుల మాటకొస్తే, పెరుగుతాయని చెప్పకండి. మీకు తెలియదు, నాకూ తెలియదు. ఊరినిండా కోచింగులే ఉన్న గుంటూరులో ఆ మాటతో పోటీపడితే మీ సెల్లార్ ఇంకో కోచింగ్ సెంటర్ అయిపోతుంది. పిల్లల్ని తీసుకోవాలనుకుంటే వాళ్లకు వేరే పూట పెట్టండి, అమ్మానాన్నలు పక్కన లేకుండా. ఇంకొక హెచ్చరిక. ఇటుకతో ఎన్ని పనులు చేయొచ్చో చెప్పమనే ఆట మీకు ట్రైనింగులో నేర్పే ఉంటారు. మనస్తత్వవేత్త జె. పి. గిల్ఫర్డ్ పేరుమీద ప్రసిద్ధమైన పరీక్ష అది. ఆటగా బాగుంటుంది. కానీ రోజూ ఇటుకల మీదే సాధన చేస్తే ఇటుకల్లో ఆరితేరతాం. అది ఇంట్లోనో ఆఫీసులోనో అక్కరకొస్తుందన్న హామీ లేదు. అందుకే కాగితాల వంతు వచ్చేసరికి మీ ఊరి సమస్యే బల్లమీద ఉండాలి, అదీ మీలో ఒకరికి రోజూ తగిలేది.

మీ దగ్గరే ఒకటి ఉంది కదా. యార్డు చుట్టుపక్కల మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్లను రోజూ చూస్తూనే ఉంటారు. సాయంత్రానికి వాళ్ల చేతులు మండిపోతాయి. నాలుగు వారాలు దీనిమీదే కూర్చోండి. ఆకుపచ్చ టోపీతో మొదలుపెట్టకండి, ‘గ్లౌజులు ఇవ్వాలి’ అని అందరూ ఒకేసారి అనేస్తారు. మొదటివారం తెల్లటోపీ ఒక్కటే. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, అందుకే వట్టి నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు. ఇది పుస్తకంలో దొరుకుతుంది. మిగతావి వాళ్లనే అడగాలి. కూలి రోజుకా, కిలోలకా? కిలోల లెక్కయితే గ్లౌజు వేసుకుని చేయి నెమ్మదిస్తే ఆ నష్టం ఎవరిది? పని మొదలుపెట్టే ముందు ఏదైనా నూనె రాసుకునే అలవాటు ఇప్పటికే ఉందా? ఇంటికెళ్లి అదే చేత్తో పసిపిల్లను ఎత్తుకోవాలంటే ఏం చేస్తున్నారు? వాళ్లలో ఒకరిద్దరు వచ్చి మీ బల్లదగ్గర కూర్చుంటే ఇంకా మంచిది. రానన్నారనుకోండి, టీ తీసుకుని మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. మీ కంపెనీ లెక్కలు మాత్రం క్లబ్బులో మాట్లాడకండి. ఉద్యోగం ముఖ్యం.

నోట్‌బుక్కులో ప్రతివారం మూడు ముక్కలు చాలు, ఏం పెట్టాం, ఏం తేలింది, వచ్చేవారంలోగా ఎవరు ఏం చేసి చూస్తారు. నెలకోసారి వెనక్కి తిప్పి చదవండి. చేసి చూస్తామన్నవి చేశారా లేదా అన్నది అక్కడ తెలిసిపోతుంది. మా నోట్‌బుక్కులో మొదటి ఏడాది ‘చూడలేదు’, ‘మర్చిపోయాను’ అనేవే ఎక్కువ. అవి కూడా అలాగే రాయించాను. కొట్టేయనివ్వలేదు.

వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సింది రెండే, శనివారం సమస్య, ఆదివారం నోట్‌బుక్కు పేజీ ఫొటో. మిగతా రోజుల్లో అడ్మిన్ తప్ప ఎవరూ పెట్టకుండా సెట్టింగు మార్చేయండి. ఒకరిద్దరు అలుగుతారు. గుడ్ మార్నింగ్ మీకు విడిగా పంపుతారు, ఏం చేస్తాం.

గుంటూరు ఎండల్లో పదింటికి సెల్లార్ కూడా ఉడికిపోతుంది. మార్చి వచ్చేసరికి ఏడింటికి మార్చుకోండి. ‘ఎప్పటికీ రండి’ అని ఎవరినీ పిలవకండి. 12 వారాలకు పిలవండి, అయ్యాక ఒక నెల సెలవు. మే నెలలో యార్డుకే సెలవులిస్తారు, మీ క్లబ్బుకు ఇస్తే తప్పేముంది? ఆ నెల తర్వాత తిరిగొచ్చేవాళ్లు ఇష్టపడి వస్తారు, రానివాళ్లు మొహం చాటేయకుండా మర్యాదగా తప్పుకుంటారు. కొత్తవాళ్లను మధ్యలో తీసుకోవద్దు. తొమ్మిదిమంది దాటితే రెండు బల్లలు చేయండి. డబ్బు వసూలు చేయకండి. టీ, కాగితాలు వంతులవారీగా తెచ్చుకుంటే చాలు.

ఇక మీవారు. ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదు, నాకైతే మీ ఉత్తరంలో బాగా నచ్చిన వాక్యం అదే. ఒక ఆదివారం ఆయన్నే రమ్మనండి. ఇంట్లో ఆయనకు చిరాకు తెప్పించేది ఏదో ఒకటి ఉంటుంది, రోజూ కనపడకుండా పోయే బండి తాళాలో, పొద్దున్నే బాత్రూమ్ దగ్గర క్యూనో. అదే ఆ వారం సమస్యగా పెట్టండి. అయిదో కాగితం ఆయనకివ్వండి. మీరు మాత్రం ఆ వారం నడపకండి, నల్లటోపీ వంతు వచ్చినప్పుడు ఆయన్నే చూస్తూ కూర్చోకండి కూడా.

తొడిమల సంగతి ఎంతవరకు వచ్చిందో నాలుగు వారాలయ్యాక రాయండి. ఏమీ తేలకపోయినా సరే, ఆ ఆడవాళ్లు ఏం చెప్పారో రాయండి.